అత్తగారు, నాలుగో తరగతి బాబు: ఇద్దరి తప్పులూ ఒకటేనా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ అత్తగారికి 54 ఏళ్లు, చిన్నప్పుడు బడి ముఖం చూడలేదు, ఐదు నెలలుగా ఊళ్లో సాయంత్రం అక్షరాల క్లాసుకు వెళ్తున్నారు. మీ బాబుకు తొమ్మిదేళ్లు, ఇంగ్లిష్ మీడియంలో నాలుగో తరగతి. తెలుగు చదవమంటే ఇద్దరూ ఒకేలా తడబడుతున్నారు, వత్తులు వదిలేస్తున్నారు. బాబు టీచరు "డిస్లెక్సియా ఏమో, ఎక్కడైనా చూపించండి" అన్నప్పటి నుంచి మీకు టెన్షన్. డిస్లెక్సియా అంటే తెలివికి లోటు లేకపోయినా చదవడం మాత్రం పట్టుబడని ఇబ్బంది. బాబుకు అదే అయితే అత్తగారికి కూడా అదేనా, ఇద్దరినీ కూర్చోబెట్టి ఒకే వాచకం చెప్పవచ్చా అని అడిగారు.

ఒకే వాచకం వద్దు. ఎందుకు వద్దో మీరు రాసిన వాక్యంలోనే ఉంది. ఇద్దరి చేతా ఒకే వాక్యం చదివించి, ఎవరు ఏమని చదివారో ఉన్నదున్నట్టు రాయడం చాలా మంచి పని. డబ్బు తీసుకుని పరీక్ష చేసేవాళ్లు కూడా కొందరు అంత ఓపిక పట్టరు.

వాక్యం ఇది: "రైతు ఎద్దులను పొలానికి తోలుకెళ్లాడు."

అత్తగారు చదివింది: "రైతు ఎడ్లని పొలం తోలకపొయ్యాడు."

బాబు చదివింది: "రై... తు... ఎ... దు... ల... ను... పొ... ల... ని... కి... తో... లు... కె... లా... డు." ఏం అర్థమైంది అని అడిగితే తెలియదన్నాడు. అదే వాక్యం మీరు చదివి వినిపిస్తే వెంటనే "ఎద్దుల్ని పొలంలోకి తీసుకెళ్లాడు" అన్నాడు.

ఎర్ర పెన్నుతో దిద్దితే ఇద్దరికీ దాదాపు అన్నే తప్పులు పడతాయి. కానీ అత్తగారు చదివినదాంట్లో అర్థం ఒక్క చోట కూడా చెడలేదు. "రైతు" అని పట్టుకున్నారు, తర్వాతి మాట "ఎ"తో మొదలవుతోందని చూశారు, రైతు దగ్గర ఉండేవి ఎడ్లే కదా అని తన నోటికి అలవాటైన మాట వేశారు. సగం చదివారు, సగం ఊహించారు. బాబు అసలు ఊహించలేదు. ఒక్కో అక్షరాన్నీ రాయి మోసినట్టు మోశాడు. వత్తులు, దీర్ఘాలు మధ్యలో జారిపోయాయి. చివరి అక్షరం దగ్గరికి వచ్చేసరికి మొదటిది మర్చిపోయాడు. ఆవిడ తప్పు అక్షరాన్ని దాటేయడం వల్ల, వాడి తప్పు అక్షరంలోనే ఇరుక్కుపోవడం వల్ల.

ఇది నేను ఒక్క వాక్యం చూసి కనిపెట్టిన గొప్ప విషయమేమీ కాదు. 1997లో అమెరికాలో గ్రీన్‌బర్గ్, ఈరీ, పెరిన్ అనే ముగ్గురు పరిశోధకులు వయోజన విద్య క్లాసుల్లో ఉన్న పెద్దవాళ్లనూ, అదే స్థాయిలో చదివే బడి పిల్లలనూ పక్కపక్కన పెట్టి చూశారు. తెలిసిన మాటను చూడగానే గుర్తుపట్టడంలో పెద్దవాళ్లు మెరుగు. ఎప్పుడూ చూడని మాటను, అర్థం లేని మాటను శబ్దాలు కూడబలుక్కుని చదవడంలో వాళ్లు పిల్లలకన్నా వెనక. అక్షరాల పని తప్పించుకోవడానికి జీవితానుభవాన్ని అడ్డుపెట్టుకుంటారన్నమాట. ఎన్నేళ్లుగానో బస్సు బోర్డు రంగును బట్టీ, మందు సీసా ఆకారాన్ని బట్టీ బతుకు నడిపినవాళ్లు అలా చేయడంలో వింత ఏముంది?

మా రోజుల సంగతి ఒకటి చెప్తాను. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సాక్షరత ఉద్యమం నడుస్తున్నప్పుడు నేను రెండేళ్లు రాత్రి బడిలో చెప్పాను. మూడు వాచకాలు, మొత్తం దాదాపు 200 గంటల చదువు అని లెక్క. నెలన్నర అయ్యేసరికి మా గుంపులో ఒకావిడ రెండో పాఠం గడగడా చదివేస్తోంది. నాకు ఆనందం పట్టలేదు. ఒకరోజు ఆమె పుస్తకం తలకిందులుగా పట్టుకుని కూడా అంతే గడగడా చదివింది! పాఠం మొత్తం పాటలాగా నోటికి వచ్చేసింది. గొబ్బి పాటలు, రామాయణ గాథలు కాగితం లేకుండా గుర్తుపెట్టుకునే బుర్రకు ఒక పేజీ పాఠం ఒక లెక్కా? అప్పటి నుంచి పాఠం మధ్యలో ఏదో ఒక మాట మీద వేలు పెట్టి "ఇదేంటి?" అని అడగడం అలవాటు చేసుకున్నాను. మీరూ అత్తగారిని అలాగే అడిగి చూడండి. పరీక్ష పెడుతున్నట్టు కాదు, ఏదో మామూలుగా.

ఇంకొకటి. "గుమకి", "తోబు", "లెపిరు" లాంటి అర్థం లేని మాటలు ఓ పది రాసి ఇద్దరి చేతా చదివించండి. అక్కడ ఊహకు చోటు లేదు. అత్తగారు అవి చదవగలిగితే అక్షరాలు లోపలికి దిగినట్టే, ఇక కావలసింది వాడకం. చదవలేకపోతే కంగారు పడొద్దు, గుణింతాల దగ్గరికి మళ్లీ ఒకసారి వెళ్లాలి, అంతే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. డిస్లెక్సియా పరీక్షల్లో ఎక్కువగా కనిపించేది శబ్దాల ఆట. "పాట"లో మొదటి శబ్దం "ప్" తీసేస్తే ఏం మిగులుతుంది? "ఆట". "గీత"లో "గ్" తీసేస్తే "ఈత". "నూరు"లో "న్" తీసేస్తే "ఊరు". ఇది చేయలేకపోతే డిస్లెక్సియాకు ఒక గుర్తు అని చెప్తారు. నాలుగేళ్లుగా బడికి వెళ్తున్న పిల్లవాడి విషయంలో అది పట్టించుకోవలసిన గుర్తే. కానీ మీ అత్తగారిని అడిగితే ఆవిడ కూడా చేయలేరు. అక్షరం రాని పెద్దవాళ్లలో దాదాపు ఎవరూ చేయలేరు. 1979లో పోర్చుగల్‌లో మొరాయిష్ బృందం సరిగ్గా ఇదే పరీక్ష పెట్టింది. చదువు రాని రైతు కుటుంబాల పెద్దవాళ్లు చేయలేకపోయారు. అలాంటి కుటుంబాల్లోనే పుట్టి, పెద్దయ్యాక చదువు నేర్చుకున్నవాళ్లు బాగానే చేశారు. 1986లో చైనాలో చేసిన పరిశీలన ఇంకా ముచ్చటగా ఉంటుంది. చైనా లిపి ఒక్కటే వచ్చినవాళ్లు శుభ్రంగా చదువుకున్నవాళ్లే అయినా ఈ ఆట ఆడలేకపోయారు. ఇంగ్లిష్ అక్షరాలతో చైనా మాటలు రాసే పిన్‌యిన్ కూడా నేర్చుకున్నవాళ్లు ఆడగలిగారు.

అంటే మాటను అక్షరం కన్నా చిన్న ముక్కలుగా, హల్లూ అచ్చూ విడదీసి వినడం మనిషికి పుట్టుకతో వచ్చేది కాదు. ఎక్కువ భాగం చదువు తెచ్చిపెట్టేదే. కాబట్టి అక్షరాలు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పెద్ద మనిషికి ఈ పరీక్ష పెట్టి డిస్లెక్సియా అనడం, ఈత రానివాణ్ణి నూతిలో తోసి కాళ్లలో బలం లేదనడం లాంటిది.

మెదడు ఫోటోలు చూపించి చెప్పే మాటలకూ ఇదే వర్తిస్తుంది. 2017లో లక్నో దగ్గరి పల్లెల్లో, చదువు రాని పెద్దవాళ్లకు ఆరు నెలలు దేవనాగరి లిపి నేర్పి, ముందూ తర్వాతా మెదడు స్కాన్లు తీసి చూసిన పరిశోధన ఒకటి వచ్చింది. ఆరు నెలల చదువుకే మెదడు లోతుల్లో, చూపుకు సంబంధించిన భాగాల మధ్య సంబంధాలు మారాయి. ఆ పరిశోధకుల్లో ఒకరైన హ్యూటిగ్ తర్వాతి ఏడాది మరికొందరితో కలిసి ఒక మాట గట్టిగా అన్నారు: డిస్లెక్సియా ఉన్న పిల్లల్లో లోపాలని మనం చూపించేవాటిలో చాలా వరకు కారణాలు కాకపోవచ్చు, తక్కువగా చదవడం వల్ల వచ్చిన ఫలితాలు కావచ్చు. నాకు ఈ మాట మీద నమ్మకం ఉంది. చదవలేనివాడు తక్కువ చదువుతాడు, తక్కువ చదివినవాడికి ఇంకా కష్టమవుతుంది. మూడేళ్లు గడిచాక ఏది ముందు ఏది వెనక అని విడదీయడం ఎవరికైనా కష్టమే.

మరి ఎలా తేల్చాలి? నా అనుభవంలో తప్పును చూసి తేల్చలేం, నేర్పాక వచ్చే మార్పును చూసి తేల్చాలి. ఒక నోటుబుక్కు పెట్టండి. ప్రతి ఆదివారం ఇద్దరికీ ఎవరి స్థాయికి తగిన కొత్త పేరా వాళ్లకు ఇచ్చి, ఒక్క నిమిషం చదివించి, సరిగ్గా చదివిన మాటలు ఎన్నో రాసుకోండి. తేదీ, అంకె, అంతే. పన్నెండు వారాలు అలా చేయండి. పేరా ప్రతి వారం కొత్తదై ఉండాలి, కష్టం మాత్రం పెరగకూడదు. అవకాశం లేక ఆగిపోయినవాళ్ల అంకె, క్రమంగా నేర్పితే వర్షాకాలపు చెరువులా పైకి వస్తుంది. డిస్లెక్సియా ఉన్న పిల్లవాడి అంకె రోజూ కూర్చున్నా మెల్లగా, ఒక్కో వారం వెనక్కి కూడా వెళ్తూ కదులుతుంది. నిన్న వచ్చిన "క్ష" ఇవాళ రాదు. ఒకే పేజీలో ఒకే మాటను మూడు రకాలుగా రాస్తాడు.

బాబు విషయంలో ఇంకో చిక్కుంది. అందరూ దాన్ని దాటేస్తారు. వాడికి తెలుగు అసలు ఎవరైనా సరిగ్గా నేర్పారా? ఇంగ్లిష్ మీడియంలో తెలుగు వారానికి ఎన్ని పీరియడ్లు? గుణింతాలు రోజూ చదివించారా, లేక ఒకసారి రాయించి వదిలేశారా? పిల్లలకు చదువు రాకపోవడం వేరు, డిస్లెక్సియా వేరు. 2024 అసర్ సర్వేలో దేశంలోని పల్లెటూళ్ల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 27.1 శాతమే. నూటికి మిగిలిన 70 మందికి పైగా పిల్లలకు డిస్లెక్సియా ఉందని ఎవరూ అనరు కదా. డిస్లెక్సియా అనాలంటే చూపు, వినికిడి బాగుండాలి, తెలివితేటలకు లోటు ఉండకూడదు, సరైన బోధన అంది ఉండాలి, అయినా చదవడంలో గట్టిగా వెనకబడి ఉండాలి. కాబట్టి ముందు కళ్ల పరీక్ష, చెవుల పరీక్ష చేయించండి. ఎక్కువ ఖర్చు కాదు.

డిస్లెక్సియా వైపు నన్ను కొంచెం లాగుతున్నది మీరు మధ్యలో ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన విషయం: వింటే అంతా అర్థమవుతుంది, కథ తిరిగి చెప్పమంటే రంగులు వేసి చెప్తాడు, చదవమంటే మాత్రం కడుపునొప్పి అంటాడు. 1986లో గాఫ్, టన్మర్ అనే ఇద్దరు చెప్పిన లెక్క ఒకటుంది. చదివి అర్థం చేసుకోవడం అంటే అక్షరం విప్పే శక్తిని, భాష అర్థమయ్యే శక్తితో గుణించడం. కూడిక కాదు, గుణకారం. ఒకవైపు సున్నా అయితే మొత్తం సున్నాయే. మీ ఇంట్లో ఇద్దరికీ రెండో అంకె పెద్దదే. మొదటి అంకె ఒకరికి ఎవరూ ఇవ్వలేదు, ఇంకొకరికి ఇచ్చినా అంటడం లేదు. అందుకే పైకి ఒకేలా కనిపిస్తున్నారు.

ఇంకో సంగతి అడగాలి. మీ వారు చిన్నప్పుడు ఎలా చదివేవారు? డిస్లెక్సియా కుటుంబాల్లో నడుస్తుంది. తండ్రికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. "మా ఆయనకు చదువంటే ఇష్టం లేదు, లెక్కల్లో మాత్రం చురుకు, ఎనిమిదిలో మానేశాడు" లాంటి జవాబు వస్తే అది కూడా నోటుబుక్కులో రాసుకోండి. అలాంటప్పుడు అత్తగారి పన్నెండు వారాల అంకెలను కూడా ఇంకొంచెం శ్రద్ధగా చూడాలి.

ఎందుకంటే పెద్దవాళ్లందరూ అవకాశం లేనివాళ్లే అనుకుని నేనొకసారి తప్పు చేశాను. మా రాత్రి బడికి ఒక వడ్రంగి వచ్చేవాడు, ముప్పై అయిదేళ్లుంటాయి. తలుపు చట్రం కొలతలు కాగితం లేకుండా చెప్పేవాడు. మిగతా పంతొమ్మిది మంది రెండో వాచకంలో ఉంటే, ఆరు నెలలైనా అతనికి మాత్రం "మ"కూ "య"కూ తేడా నిలవలేదు. ఒకరోజు వస్తే మర్నాడు పోయేది. చిన్నప్పుడు మూడో తరగతి దాకా చదివాడట, "మొద్దు" అని వెనక బెంచీలో కూర్చోబెడితే మానేశాడట. నాకు అప్పుడు డిస్లెక్సియా అనే మాటే తెలియదు. పని చేసి అలిసిపోయి, ఒక చుక్క వేసుకుని వస్తున్నాడేమో, అందుకే తలకెక్కడం లేదనుకున్నాను. ఆ మాట ఎవరితోనో అన్నాను కూడా. అది అతని చెవిన పడింది, మర్నాటి నుంచి రాలేదు. తర్వాత ప్రత్యేక విద్యలో శిక్షణ తీసుకుని పిల్లలతో పనిచేస్తున్నప్పుడు, అచ్చం అతనిలాగే చదివే పిల్లలు ఎదురైన ప్రతిసారీ ఆ మనిషి గుర్తొచ్చేవాడు. సాయంత్రం క్లాసుల్లో కూర్చునే పెద్దవాళ్లలో నలభై ఏళ్ల కిందటి డిస్లెక్సియా పిల్లలు కొందరు ఉంటారు. ఎప్పుడూ బడికి వెళ్లనివాళ్లలో కాదు, వెళ్లి మానేసినవాళ్లలో వెతకాలి. మీ అత్తగారు అసలు వెళ్లనేలేదు కాబట్టి ఆ అనుమానం నాకు తక్కువ.

ఇప్పుడు చెప్పే పద్ధతి. అత్తగారికి ఆవిడకు పనికొచ్చే మాటలతో మొదలుపెట్టండి. తన పేరు, ఊరి పేరు, మనవడి పేరు, డ్వాక్రా పుస్తకంలో పొదుపు, అప్పు, వడ్డీ, మందుల చీటీ మీద ఉదయం, రాత్రి. పెద్దవాళ్లను "అల, వల, తల" అని కూర్చోబెడితే రెండో వారానికి ఏదో పని వంకతో మానేస్తారు. వాళ్ల బతుకున్న పాఠమైతే ఏం జరుగుతుందో నెల్లూరు జిల్లాలో కళ్లారా చూశాం. దూబగుంటలో ఆడవాళ్లు సాక్షరత వాచకంలో సారా మీద పాఠం చదివి, మాట్లాడుకుని, 1992లో ఊళ్లో సారా దుకాణం మూయించారు. అది రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది.

అత్తగారికి ఇంకో ముఖ్యమైన సంగతి, దగ్గర చూపు. నలభై దాటాక చత్వారం అందరికీ వస్తుంది. చదువు రానివాళ్లకు అది వచ్చిన సంగతే తెలియదు, ఎందుకంటే సూదిలో దారం ఎక్కించడం తప్ప దగ్గరగా చూడవలసిన పని ఉండదు. వాచకం చేతికిస్తే "ఈ వయసులో నాకు ఎక్కదమ్మా" అంటారు. ఎక్కకపోవడం కాదు, కనిపించకపోవడం. మా క్లాసులో సగం మందికి కళ్లజోళ్లు తెప్పించాక నా బోధన ఉన్నట్టుండి బ్రహ్మాండంగా మెరుగుపడింది! కాబట్టి బాబుతో పాటు ఆవిడను కూడా కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. సాయంత్రం క్లాసులో బల్బు ఎక్కడుందో, ఆవిడ నీడ పుస్తకం మీద పడుతోందేమో కూడా ఒకసారి వెళ్లి చూడండి.

బాబుకు మాత్రం అర్థంతో పని లేదు, వాడికి అది పుష్కలంగా ఉంది. కావలసింది అక్షరం, గుణింతం, వత్తు. ఒకదాని తర్వాత ఒకటి, తొందర లేకుండా, విసుగొచ్చేంత సాధన. రోజుకు ఇరవై నిమిషాలు చాలు. ఆదివారం రెండు గంటలు కూర్చోబెట్టడం కన్నా అది వంద రెట్లు మేలు.

మన లిపిలో పిల్లలు ఎక్కడ పడిపోతారో తెలిస్తే సగం పని అయినట్టే. ఇంగ్లిష్‌లో అక్షరాలు 26. తెలుగులో ఒక్క హల్లుకే గుణింతంలో డజను పైన రూపాలు, వాటి మీద వత్తులు. కన్నడంలో సొనాలీ నాగ్ చేసిన పరిశోధనల్లో అక్షరాలన్నీ పట్టుబడటానికి మామూలు పిల్లలకే మూడు నాలుగేళ్లు పడుతుందని తేలింది. మన లిపి దానికి అక్కాచెల్లెలే. కాబట్టి నాలుగో తరగతిలో అరుదైన సంయుక్తాక్షరాలు రాకపోవడం రోగం కాదు. "ఎద్దు" రాకపోవడం మాత్రం ఆలోచించవలసిన విషయం.

వత్తులో ఉన్న తిరకాసు చూడండి. "రాత్రి" అని రాస్తే గుడి "త" మీద ఉంటుంది. పలికేటప్పుడు మాత్రం త్, తర్వాత ర్, ఆ తర్వాత ఇ. కంటికి "తి" ముందు కనిపిస్తుంది, నోటికి "రి" ఆఖర్న వస్తుంది. "విష్ణువు"లో కొమ్ము "ష" దగ్గర, పలకడం "ణు" అని. పెద్దవాళ్లకు అలవాటైపోయి ఇది కనిపించదు. బాబు "రాతిర" అని చదివితే వాడు కంటికి కనిపించిన వరుసలోనే నిజాయితీగా చదివాడని అర్థం. కోప్పడకండి. ఆ అచ్చు గుర్తు కింద వత్తు ఉంటే ఆగి, వత్తు పలికాక అచ్చు పలకాలని పది మాటల మీద చూపించండి. పదిసార్లు కాదు, పది రోజులు.

మొదలుపెట్టవలసింది ద్విత్వాలతో. "గుడి, గుడ్డి", "గడి, గడ్డి", "చెలి, చెల్లి" లాంటి జతలు తీసుకుని ముందు చెవితో వినిపించండి, కాగితం వద్దు. మీరు ఒకటి అనండి, నాలుక ఆగిందో లేదో వాడు చెప్పాలి. ఆగితే చప్పట్లు. చెవి పట్టుకున్నాక రాసి చూపించండి: నాలుక ఆగిన చోట కింద వత్తు. దీర్ఘాలకు "మెడ, మేడ", "పడు, పాడు", "వడ, వాడ". ద్విత్వాలు గట్టిపడ్డాక య, ర, వ వత్తులు, ఆ తర్వాతే మిగతావి. వత్తుల పట్టిక మొత్తం ఒకేరోజు రాయించడం మాత్రం దయచేసి చేయకండి.

చేత్తో ఇసుకలో, రవ్వలో రాస్తూ పైకి పలకడం మంచిది. దీనికి 1930ల నుంచి అమెరికాలో గిల్లింగ్‌హామ్ పద్ధతి అని పేరుంది. మన వీధిబడుల్లో ఇసుకలో వేలితో దిద్దిస్తూ పలికించేవాళ్లు, దానికి ఎవరూ పేరు పెట్టలేదు.

రంగు కళ్లద్దాలు, కంటి వ్యాయామాలు, జ్ఞాపకశక్తి లేహ్యాలు, మెదడును మేల్కొలుపుతామనే "మిడ్‌బ్రెయిన్" తరగతులు వీటి జోలికి పోవద్దు. అక్షరాలు తిరగేసి రాయడమే డిస్లెక్సియా అనే మాట కూడా నమ్మకండి. ఇంగ్లిష్‌లో బీ, డీ తారుమారు చేయడం చిన్న పిల్లలందరూ చేస్తారు. తెలుగులో డిస్లెక్సియా ఎక్కువగా నెమ్మదిలో కనిపిస్తుంది. రాసిందే పలికే లిపి కాబట్టి ఎలాగో కూడబలుక్కుని సరిగ్గానే చదువుతారు, కానీ తోటివాళ్లు పేజీ చదివేసరికి వీళ్లు మూడు లైన్లు. జర్మన్ పిల్లల్లో కూడా ఇంతేనని అక్కడి పరిశోధకులు ఎప్పుడో చెప్పారు. తప్పులు తగ్గాయి కదా, నయమైంది అనుకుని ఆపేయకండి. వేగం కూడా చూడాలి.

పన్నెండు వారాలయ్యాక అంకె కదలకపోతే పరీక్ష చేయించండి. తెలుగులో కూడా చేస్తారా అని ముందే అడగండి. ఒక చోట పరీక్ష మొత్తం ఇంగ్లిష్‌లోనే చేసి, తెలుగింటి పిల్లవాడికి తీవ్రమైన సమస్య అని కాగితం ఇచ్చేశారు. ఆ పాపం ఆ పిల్లవాడిది కాదు, ఇంగ్లిష్ నేర్పనివాళ్లది. మన దగ్గర సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న ఎన్‌ఐఈపీఐడీ, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, అక్కడ అడగవచ్చు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం కూడా ఉంది, డిస్లెక్సియా అందులోకే వస్తుంది. సర్టిఫికెట్ కోసం 2018 నిబంధనలు బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ తయారుచేసిన పరీక్షను చెప్పాయి, ఎనిమిదేళ్లు నిండాలన్నాయి. 14 ఏళ్లకు, 18 ఏళ్లకు మళ్లీ చూడాలన్నాయి. బాబుకు వయసు సరిపోతుంది. పబ్లిక్ పరీక్షల్లో గంటకు 20 నిమిషాలు అదనపు సమయం, రాసిపెట్టే మనిషి లాంటివి దాని మీదే వస్తాయి. "ముద్ర పడుతుంది" అని మీ వారు అంటున్నారని రాశారు. ముద్ర ఇప్పటికే పడింది కదండీ, "బద్ధకస్తుడు" అని. దానికన్నా ఇదే నయం.

ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టడం గురించి: పాఠం వేరువేరుగా, కానీ రోజుకు పది నిమిషాలు కలిపి. అత్తగారు చిన్న కథ చెప్పాలి, మీరు ఆవిడ మాటల్లోనే నాలుగు వాక్యాలు రాయాలి. "తోలకపొయ్యాడు" అంటే "తోలకపొయ్యాడు" అనే రాయండి, దిద్దొద్దు. తన నోటి మాట కాగితం మీద కనిపిస్తే ఆవిడ చదవగలరు. అదే కాగితంలో ఇవాళ్టి వత్తు ఉన్న మాటల కింద బాబు గీత గీయాలి, అవి మాత్రమే చదవాలి. "నానమ్మను చూసి నేర్చుకో" అనే మాట మాత్రం ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. అత్తగారు మూడు నెలల్లో వాణ్ణి దాటిపోవచ్చు. ఆ మాట వాడికి ముందే చెప్పండి: నానమ్మకు ఇన్నేళ్లూ ఎవరూ నేర్పలేదు, ఇప్పుడు నేర్పుతున్నారు కాబట్టి పరిగెడుతుంది, నీ దారి వేరు అని. తొమ్మిదేళ్ల పిల్లలకు ఇది అర్థమవుతుంది.

ఆఖర్న మీరు అడిగిన బ్యాంకు సంగతి. అత్తగారి ఖాతా వేలిముద్రతో తెరిచింది కాబట్టి సంతకం నేరుగా పనిచేయదు. బ్రాంచికి వెళ్లి ఇక నుంచి సంతకం పెడతానని కాగితం ఇచ్చి, కొత్త నమూనా సంతకం నమోదు చేయించాలి. పాస్‌బుక్కు, ఆధార్ పట్టుకెళ్లండి. వెళ్లే ముందు ఓ నెల రోజులు ఇంట్లో ఒకే రకంగా పెట్టించండి, పొడుగు పేరు వద్దు, ఇంటిపేరు మొదటి అక్షరం, పేరు చాలు. చేయి వణికితే వణకనివ్వండి. కౌంటరు దగ్గర వెనకున్నవాళ్లు తొందరపెడితే, మీరు పక్కకు జరిగి ఆవిడకు చోటివ్వండి, పెన్ను మాత్రం మీరు పట్టుకోవద్దు.